రెండు జెండాల పేజీ

ఫిబ్రవరి వచ్చిందంటే మా బావగారు పొద్దున్నే ఫోన్ చేస్తారు. ఆయన మా ఆయనకు అన్నగారు. గుంటూరు బ్రాడీపేటలో చిన్న ప్రెస్సు నడుపుతూ బడిపిల్లలకీ, ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్లకీ పనికొచ్చే పుస్తకాలు వేస్తుంటారు. మొన్న కూడా చేశారు. ఈ ఏడు ఎవరెవరి జెండాలు మారాయి అమ్మాయ్ అని అడిగారు, రైతుబజారులో ఇవాళ ఏం కూరలు దిగాయని అడిగినట్టు. ఆ మధ్య సిరియా జెండా మార్చాం, ఈసారికి పెద్దగా ఏమీ లేవండీ అన్నాను. ఆఫ్ఘనిస్తాన్ పేజీ ఏం చేద్దామన్నారు. అది అట్లాగే ఉంది బావగారూ అన్నాను. ‘సరే, ఉండనీ’ అని ఫోన్ పెట్టేశారు. అంతే, నా కాఫీ చల్లారిపోయింది. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి మళ్లీ వంటింట్లోకి తిరుగుతూ ఉండిపోయాను. ఈ వయసులో కాలు ఒకచోట నిలవకపోవడం మంచి లక్షణం కాదని మా ఆయన అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ పేజీ గుర్తొస్తే నాకు కాలు నిలవదు, మనసు అంతకంటే నిలవదు.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ప్రపంచంలోని దేశాలన్నిటికీ తలా ఒక పేజీ. పైన జెండా, పక్కన రాజముద్ర, కింద గళ్లలో రాజధాని, ప్రభుత్వం, జనాభా, అక్షరాస్యత, భాష, కరెన్సీ, జాతీయ పక్షి, జాతీయ క్రీడ. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఏటా దాన్ని సరిచేసే పని నా నెత్తిన పడింది. చూడ్డానికి ఇంత సులువైన పని ఇంకోటి లేదు. జనాభా కాస్త పెంచడం, ప్రధానుల పేర్లు మార్చడం, అంతే. చిక్కంతా ఒకే ఇంటికి ఇద్దరు యజమానులమని చెప్పుకునే దేశాల దగ్గర వస్తుంది. రాజధానిలో ఒకళ్లు కూర్చుని ఉంటారు, దేశాలన్నీ కూడే సభలో కుర్చీ ఇంకొకళ్ల పేరు మీద ఉంటుంది. ఒకళ్ల జెండా ఊళ్లో సర్కారు ఆఫీసుల మీద ఎగురుతుంటే ఇంకొకళ్ల జెండా పరాయి దేశాల ఆటస్థలాల్లో ఎగురుతుంది. అట్లాంటి చోట ఎవరు అసలు, ఎవరు నకిలీ అని తీర్పు చెప్పడం పుస్తకం పని కాదని నేను మొదట్నుంచీ పట్టుబట్టాను. ఎక్కడ ఎవరు పాలిస్తున్నారు, ఎవరిని ఎవరు గుర్తించారు, ఏ జెండాను ఎవరు వాడుతున్నారు, ఇవి రాసి పక్కకు తప్పుకోవాలి. ‘నిజమైన’ అనీ, ‘దొంగ’ అనీ, ‘పాపం’ అనీ ఆ గళ్లలోకి ఒక్క మాట రాకూడదు.

బావగారికి ఇదంతా చాదస్తంగా ఉండేది. పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమంటారు, నువ్వు రెండు రాస్తే పిల్లోడు దేనికి పెట్టాలి అని ఆయన వాదన. అదీ నిజమే. పోనీ ఈ సంకటం ఎక్కడో ఎడారి దేశాలకే ఉందా అంటే, లేదు. మన రాష్ట్రానికి రాజధాని ఒకటా మూడా అన్న తగవు కోర్టులో నలుగుతున్న రోజుల్లో మన పేజీలోనే రాజధాని గడి నిండా సన్న అక్షరాలతో నాలుగు వరుసలు రాయాల్సి వచ్చింది. అమరావతి పక్క పల్లెలో రాజధాని కోసం పొలం ఇచ్చేసిన మా ఆయన మేనమామ కొడుకు ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. ‘ఒక్కటే అడుగుతా చెల్లెమ్మా, మేం రాజధానిలో ఉన్నట్టా, లేనట్టా’ అన్నాడు. ఆ నాలుగు వరుసలూ చదివి వినిపించాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన మొత్తం విని, ఇచ్చిన కాఫీ తాగకుండా లేచి వెళ్లిపోయాడు. నిజం రాసి కూడా మనిషిని అట్లా పంపించవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక మా పైవాటాలో అద్దెకుండే అమ్మాయి. ఆ అమ్మాయిది ఆఫ్ఘనిస్తాన్. కాబూలుకు ఉత్తరాన, కొండలు దాటాక, పత్తి పండే ఊరు. వాళ్ల నాన్న అక్కడి జిన్నింగు మిల్లులో గుమస్తా. స్కాలర్‌షిప్పు మీద మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చి, పంటలకు పట్టే పురుగుల మీద ఎమ్మెస్సీ చేసి, అది అయ్యాక పీహెచ్‌డీలో చేరింది. మా పైవాటాకు వచ్చిన కొత్తల్లో వీధిలోవాళ్లు, ఆమెతో ఉర్దూలో మాట్లాడుతుందని, ఎదురింట్లో కుట్టుపని చేసే సాయిబుల ఆవిడను పిలుచుకొచ్చారు. పాపం ఆవిడకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. వాళ్ల ఇంట్లో తాతల కాలం నుంచీ తెలుగే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆ అమ్మాయి తెలుగు నేర్చింది గానీ, నేర్చింది క్లాసురూముల్లో కాదు. మిరప చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ల దగ్గర నేర్చింది. అందువల్ల ఆమె తెలుగులో ‘అండీ’ అన్న మాట లేదు. ‘ఏందయ్యా’, ‘పోదాం పా’, ‘గమ్మునుండు’, ఇవి మాత్రం పుష్కలంగా ఉన్నాయి. మా బావగారిని మొదటిసారి చూసినప్పుడు ‘ఏందయ్యా పెద్దాయనా, బాగుండావా’ అని పలకరించింది. జరీ కండువా వేసుకుని వచ్చిన పెద్దమనిషి నోరు తెరిచి అట్లాగే నిలబడిపోయారు. నన్ను ఆంటీ అనేది. మా ఆయనను మొదట్లో అంకుల్ అనేది, ఆయనతో పొలానికి వెళ్లిననాడు బాబాయ్ అనడం మొదలుపెట్టింది.

ఆమె గదిలో గోడకు ఒక చేతి రుమాలంత జెండా ఉండేది. నలుపు, ఎరుపు, ఆకుపచ్చ నిలువు పట్టీలు, మధ్యలో తెల్లటి ముద్ర. మంచం తలవైపున వాళ్ల నాన్న, అమ్మ, తమ్ముడు, రెండు జడల చెల్లెలు ఉన్న ఫొటో. ఆ చెల్లెలి గురించే ఎక్కువ చెప్పేది. లెక్కల్లో తనకంటే చురుకట, ఫోనులో పాఠాలు అప్పజెప్పించుకునేదట. చదువయ్యాక తన ఊరికి పోయి పత్తి పరిశోధన క్షేత్రంలో ఉద్యోగం చేయాలని ఆ అమ్మాయి అనుకుంది. అక్కడ చోటు కూడా ఖాయమైందనే చెప్పింది. సాయంత్రం పూట గోంగూర మధ్యలో పెట్టి పల్చటి రొట్టెలు కాల్చి కిందకు పంపేది. అవి వాళ్ల రొట్టెలే, కూర మాత్రం మనది. మా ఆయన వాటికి అలవాటుపడి, అన్నం మానేసి వాటికోసం కాచుకుని కూర్చునేవారు.

రెండువేల ఇరవయ్యొకటి ఆగస్టులో వాళ్ల ప్రభుత్వం పడిపోయింది. టీవీలో విమానాశ్రయం, గోడల మీద మనుషులు, విమానం వెంట పరుగులు. ఆ పరుగుల్ని మా ఇంటి హాల్లో కూర్చుని చూశాం మేము. ఆమె మాతో కూర్చుని చూడలేదు. ఫోను చెవికి పెట్టుకుని మేడ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉంది. మా హాలుకు సరిగ్గా పైన ఆ అడుగుల చప్పుడు. నాలుగు రోజులు పోతే ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఆ శీతకాలమంతా మధ్యాహ్నాలు ఆ చప్పుడు వింటూనే పప్పు రుబ్బాను, బట్టలు మడిచాను, పుస్తకం ప్రూఫులు దిద్దాను. వాళ్ల నాన్న ఫోనులో ఒకటే మాట చెప్పాడట, ఇప్పుడు రావొద్దు అని. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఆఫీసులకు పోవడం ఆగిపోయింది. ఆ పత్తి క్షేత్రంలో ఆమె కోసం ఉంచిన కుర్చీ ఎవరిదైందో ఎవరికీ తెలీదు. చెల్లెలి బడికి తాళం పడింది. తమ్ముడి బడికి పడలేదు. తమ్ముడు పొద్దున్నే సంచి తగిలించుకుని పోతుంటే చెల్లెలు తలుపు వెనకాల నిలబడి చూస్తుందని ఒకసారి చెప్పి, ఇంకేదో పని ఉన్నట్టు గబగబా మేడ ఎక్కిపోయింది.

ఆ ఏడే మా చేలల్లోనూ నెమ్మది లేదు. పర్చూరు దగ్గర మా ఆయనకు కొంత మిరప, కొంత పత్తి ఉంది. నల్లతామర అని కొత్త పురుగొకటి దిగి మిరప పూతంతా పాడుచేసింది. పువ్వులో దూరి కూర్చుంటుంది, చూస్తే కంటికి ఆనదు. ఏ మందు కొట్టినా లొంగలేదు. మా ఆయన ఆ అమ్మాయిని బండి మీద ఎక్కించుకుని చేలోకి తీసుకుపోయారు. ఆమె ఒక తెల్ల కాగితం పరిచి, దాని మీద మిరప పువ్వు దులిపింది. నల్లటి నలుసులు ఆ కాగితం మీద ఉరుకులు పరుగులు పెట్టాయట. ఇంక మందులు కొట్టొద్దు బాబాయ్, ఖర్చు తప్ప ఏం లేదు అని చెప్పింది. ఊళ్లో ఆ మాట ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. ఆ వారమే ఆయన తోట పీకించేశారు. పీకిన మొక్కలు గట్టున ఎండుతుంటే ఇద్దరూ పక్కన కూర్చుని ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, అప్పట్నుంచీ ఆయనకు ఆ అమ్మాయి అంటే సొంత బిడ్డ. మిరప పోయిన ఏడు గుంటూరులో గాలి కూడా వేరుగా ఉంటుంది. మిర్చి యార్డు వైపు నుంచి వచ్చే ఘాటు తగ్గిపోయి, తుమ్ములు లేక ఊరంతా ఏదో వెలితిగా అనిపించింది.

సరిగ్గా ఆ పరిస్థితిలో నాకు ఆఫ్ఘనిస్తాన్ పేజీ దిద్దే వేళ వచ్చింది. కాబూల్లో కొత్త పాలకులు ఉన్నారు, వాళ్ల జెండా తెల్లగుడ్డ మీద నల్లటి అరబ్బీ అక్షరాలు. వాళ్లను అప్పటికి ఏ దేశమూ గుర్తించలేదు. దేశాలన్నీ కూడే ప్రపంచ సభలో ఆ అమ్మాయి గోడమీదున్న మూడు రంగుల జెండాయే ఉంది, ఢిల్లీలో ఆ దేశపు రాయబార కార్యాలయం మీదా అదే ఉంది. బావగారు తేలిగ్గా తేల్చేశారు. కుర్చీలో ఎవడుంటే వాడి జెండా వేయి, గొడవ వదిలిపోతుంది అన్నారు. ఇంటికొస్తే మా ఆయనది ఇంకో వరస. ‘ఇదుగో, ఆ పిల్ల మనింట్లో ఉండగా ఆ తెల్ల జెండా ఎట్టా వేస్తావో నేనూ చూస్తా’ అన్నారు. ఒకరికి ఆ ఒక్కటే కావాలి, ఇంకొకరికి ఈ ఒక్కటే కావాలి. నేను రెండూ పక్కపక్కన, ఒకే కొలతలో పెట్టాను. ఒకదాని కింద ‘ప్రస్తుతం దేశాన్ని ఏలుతున్నవారు వాడుతున్నది’ అనీ, రెండోదాని కింద ‘పాత ప్రభుత్వపు జెండా, ప్రపంచ సభలోనూ, పలు రాయబార కార్యాలయాల్లోనూ వాడుకలో ఉన్నది’ అనీ రాశాను. ప్రభుత్వం గడిలో ‘వివాదంలో ఉంది’ అని పెట్టాను. చదువుకుంటే తప్పు పట్టడానికి ఏమీ కనపడలేదు. అయినా ఆ కాగితం బల్ల మీద పెట్టి పది పనులు చేసుకుంటూ పదిసార్లు వచ్చి చూశాను. మామూలుగా నేను అట్లా చూసుకోను.

మర్నాడు ఆ అమ్మాయి గిన్నె తిరిగి ఇవ్వడానికి కిందకొచ్చి, బల్ల మీద ఉన్న ఆ ప్రూఫు చూసింది. తెలుగు చదవడం కొంచెం కొంచెం వచ్చు, జెండాలకు అదీ అక్కర్లేదు. వేలు పెట్టి ‘పాత’ అన్న మాట మాత్రం కూడబలుక్కుని చదివింది. గిన్నె అక్కడ పెట్టి పైకి వెళ్లిపోయింది. ఆ రోజు మేడ మీద అడుగుల చప్పుడు లేదు. అన్ని నెలలుగా ఆ చప్పుడు ఆగితే బాగుండుననుకున్నదాన్ని, ఆగిపోయేసరికి కూర్చోలేకపోయాను. కూర మాడ్చాను. తలుపు దగ్గరికి వెళ్లాను, మెట్ల దాకా వెళ్లాను, తిరిగొచ్చాను. మా ఆయన నావైపు చూస్తూ పేపరు తిరగేస్తున్నారు, చదవడం లేదని తెలుస్తూనే ఉంది. మర్నాడు కూడా ఆమె కిందకు రాకపోయేసరికి నేనే పైకి వెళ్లాను.

కిటికీ దగ్గర కింద కూర్చుని ఉంది. కోపం వచ్చిందా అని అడిగాను. వచ్చింది గానీ ఎవరి మీదనో తెలీలా అంది. నేను కూడా కింద కూర్చున్నాను. ఆ తెల్లదాన్ని తీసేయమంటే తీసేస్తానని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల పట్టుదల ఆ ఒక్క నిమిషంలో వదిలేసేదాన్నే. నేను అడిగేలోపే ఆమె తల అడ్డంగా ఊపింది.

‘తీయొద్దాంటీ. మా నాయన రోజూ దాని కింద నుంచే మిల్లుకు పోతన్నాడు. అది లేదని రాస్తే, ఆయన దేనికి భయపడతన్నాడో చదివినోళ్లకి ఎట్టా తెలుస్తది?’

లేచి గోడమీది జెండా తీసి నా చేతిలో పెట్టింది. మధ్యలో ముద్ర పైన సన్నటి అక్షరాలు చూపించింది. తెల్లజెండా మీద ఉన్న మాటలే ఇక్కడా ఉన్నాయి, చిన్నగా. మా ముద్రణలో అవి ఒక చుక్కలాగా పడ్డాయి, అంతే. ఆ మాటలు తను రోజూ నమాజులో చెప్పుకునేవేనట. తన నోట ఉన్న మాటల్ని పెద్ద అక్షరాల్లో చూసి భయపడాల్సి రావడం ఏంటో తనకే అర్థం కావడం లేదంది. నేను రెండు జెండాలను ఎదురెదురు మనుషుల్లా పెట్టాననుకున్నాను. ఆమెకు అవి రెండూ ఒకే ఇంట్లోవి. రెండూ ఉంచమంది. ‘పాత’ అన్న మాటకు బదులు ఏ ఏడు వరకు ఆ ప్రభుత్వం ఉందో అది రాయమంది. అది సబబే, నాకు తట్టాల్సిన మాట, ఒప్పుకున్నాను. తర్వాత మెల్లగా అడిగింది.

‘అన్నీ రాశారు. పక్షి గడిలో గెద్ద ఉంది, ఆట గడిలో గుర్రాలెక్కి మేకను గుంజే ఆట ఉంది. మా చెల్లి ఏడుందాంటీ ఈ పేజీలో?’

పుస్తకంలో ప్రతి దేశానికీ అవే గళ్లు, ఎవరు బడికి పోవచ్చో ఎవరు పోకూడదో రాసే గడి లేదు, ఒక దేశానికి అట్లా రాస్తే పక్షం వహించినట్టవుతుందని ఏదో చెప్పాను. ఇన్నేళ్లు బావగారితో నేను వాదించిన మాటలే, నా చెవికే అప్పుడు డొల్లగా వినిపించాయి. ఆమె శాంతంగా విన్నది. జెండా ఎవరిదని రెండు పక్షాలూ కొట్టుకుంటున్నాయి గానీ, దీని గురించి ఎవరూ కొట్టుకోవడం లేదు ఆంటీ, బడి మూసింది మేమేనని వాళ్లే చెబుతున్నారు అంది. నేను ఏళ్ల తరబడి వెతుకుతున్నది అదే కదా అనిపించింది. ఏ పక్షమూ కాదనని సంగతి. అది దొరికితే నేను గడి లేదంటున్నాను. కిందకొచ్చి అక్షరాస్యత గడి కింద ఒక వాక్యం చేర్చాను. ‘ఆరో తరగతి దాటిన ఆడపిల్లల బడులు చాలా జిల్లాల్లో మూసి ఉన్నాయి.’ అంతే, ఇంకో మాట కలపలేదు.

బావగారు ఒప్పుకోలేదు. జెండాలు రెండు వేశావు ఊరుకున్నాను, ఇప్పుడు ఇదేంటి, ఇది పాఠ్యపుస్తకమా పత్రికా అన్నారు. పేజీలో చోటు లేదన్నారు. నేను గట్టిగా నిలబడితే చివరికి విసుక్కుంటూ, ఉంచుకో అన్నారు. ఆ వాక్యం పేజీలోకి వెళ్లింది.

మార్చిలో ఒక పొద్దున ఆ అమ్మాయి మెట్ల మీద పరుగెత్తుకుంటూ దిగింది. చేతిలో పళ్లెం, దాంట్లో నేతి వాసన వేసే హల్వా. వాళ్ల దేశంలో కొత్త చదువుల ఏడు మొదలవుతోంది, ఆడపిల్లల బడులు కూడా తెరుస్తామని పాలకులు ముందే చాటించారట. ఆ రోజే తెరుస్తున్నారట. చెల్లెలు నల్ల గౌను ఇస్త్రీ చేసుకుని, తెల్ల ముసుగు ఉతికి ఆరేసుకుని, తెల్లారకముందే లేచి కూర్చుందట. ఆ మాట తీసెయ్ ఆంటీ అంది. ఆమె మొహం అంత విచ్చుకుని ఉండటం నేను అప్పటికి ఎన్నో నెలల నుంచి చూడలేదు. అప్పటికి ప్రెస్సులో పుస్తకం పేజీలు అచ్చు ప్లేట్లు తీయడానికి సిద్ధంగా ఉన్నాయి. బావగారికి ఫోన్ చేశాను. ముందు పెట్టమంటావు, ఇప్పుడు తీయమంటావు అని గొణిగి, తీయించారు. హల్వా వీధిలో పంచాను. ఎదురింటి ఆవిడకు విషయం చెబితే కళ్లు తుడుచుకుని, మా పిల్లలకు కూడా కాస్త పెట్టమ్మా అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అమ్మాయి మళ్లీ దిగింది. ఈసారి మెల్లగా. చెప్పులు వేసుకుని ఉంది. ‘ప్రెస్సుకు పోదాం పా ఆంటీ’ అంది. ఎందుకో ఆటోలో కూడా చెప్పలేదు. బ్రాడీపేట సందులో కోచింగు సెంటర్ల పిల్లలు గుంపులు గుంపులుగా రోడ్డు దాటుతున్నారు, అందులో సగం మంది ఆడపిల్లలు, పుస్తకాలు గుండెకు ఆనించుకుని టీ కొట్ల ముందు నవ్వుకుంటూ. ఆమె వాళ్లను చూడకుండా తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది.

బావగారు మమ్మల్ని చూసి, మళ్లీ ఏమొచ్చిందో అన్నట్టు కళ్లజోడు తీశారు. ఆమె ఆయన బల్ల ముందు నిలబడింది.

‘పెద్దాయనా, పొద్దున తీసిన మాట మళ్లీ పెట్టు. మా చెల్లి బడికి పోయింది. క్లాసులో కూకుంది. కాసేపటికి ఇంటికి పొమ్మన్నారు. మళ్లా మూసేశారు.’

ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు, ఆమె కూర్చోలేదు. మీ చెల్లెలు ఏ క్లాసమ్మా అని అడిగారు. ఏడో క్లాసు, పన్నెండో ఏడు నడుస్తంది అంది. ఆయన లేచి కంప్యూటరు ఉన్న గదిలోకి స్వయంగా వెళ్లారు. అద్దం తలుపులోంచి ఆయన గొంతు మాకు వినపడుతూనే ఉంది. ఆ వాక్యం పెట్టడానికి మళ్లీ చోటు చాలలేదు, పొద్దున దాని స్థానంలో జాతీయ క్రీడ గురించి ఇంకో వరుస ఎక్కించారట. మొత్తం జాతీయ క్రీడే ఎత్తేయమన్నారు. బయటికొచ్చి ఆమెతో కాదు, నాతో అన్నారు: ‘పరీక్షలో ఈ బిట్టు రాదు అమ్మాయ్. అయినా ఉండనీ.’ ఆమె గోడకు ఆనుకుని, అప్పుడు ఏడ్చింది. ఆయన బీరువా వైపు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు నిలబడ్డారు. ఆ బీరువాలో వెతకడానికి ఏమీ లేదని మా ఇద్దరికీ తెలుసు.

పుస్తకం బయటికొచ్చాక ఎవరూ మెచ్చుకోలేదు. ఒక కోచింగు సెంటరువాళ్లు రెండు జెండాలేంటని కట్టలు వెనక్కి పంపారు. వేరే ఊళ్లో చదువుకునే ఆమె దేశపు స్నేహితురాలు ఒకరు ఆ పేజీ ఫొటో చూసి, నువ్వుండే ఇంట్లోనే ఆ తెల్లజెండా అచ్చేశారా, నువ్వు చూస్తూ ఊరుకున్నావా అని నిలదీసిందట. ఈమె తన తండ్రి రోజూ ఆ జెండా కింద నుంచే పోతున్న సంగతి చెప్పి చూసింది. అవతల వినలేదు. ఆ స్నేహం మళ్లీ అతకలేదు. ఆ స్నేహితురాలిది తప్పని నేననలేను. ఆ పిల్లకు కూడా ఇల్లు పోయిందే కదా.

ఇంకో ఏడాదిన్నరకు ఆమె చదువు పూర్తయింది. ఇక్కడ ఉండటానికి గడువు దగ్గర పడుతోంది, పాస్‌పోర్టు ఇచ్చిన ప్రభుత్వం లేదు, దాన్ని పొడిగించే కార్యాలయం ఇవాళ తెరుస్తారో రేపు మూస్తారో తెలీదు. మళ్లీ మేడ మీద అడుగులు. ఆఖరికి ఉజ్బెకిస్తాన్‌లో, వాళ్ల దేశానికి నదికి అవతలి ఒడ్డున ఉన్న పట్టణంలో, పత్తి పురుగుల మీద పని దొరికింది. మా ఆయన ఆమెను స్టేషన్లో రైలెక్కించి, ఇంటికొచ్చి, ఆ రోజంతా కరెంటు మీటరు రిపేరు చేయించాలంటూ తిరిగారు. మీటరు బాగానే ఉంది.

ఆ పేజీ ఏటా నేను తెరుస్తూనే ఉన్నాను. ‘ఏ దేశమూ గుర్తించలేదు’ అన్నచోట ‘ఒక దేశం గుర్తించింది’ అని మార్చాను. బడుల వాక్యంలో ‘చాలా జిల్లాల్లో’ అన్న మాట కొట్టేశాను, ఇప్పుడు అన్ని చోట్లా అంతే. దాని ముందు ‘ఈ ముద్రణ నాటికి’ అని చేర్చి, ఆ పక్కన ఏ ఏటికి ఆ ఏడు అంకె ఒక్కటి మారుస్తాను. కిందటి చలికాలంలో ఆమె ఫోన్ చేసింది. నది ఒడ్డున, వంతెన దగ్గర ఒక బజారు పెట్టారట, అవతలివాళ్లు కొద్ది రోజులకు వచ్చి పోవచ్చట. వాళ్ల నాన్న ఈమె చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడట. ఇన్నేళ్ల తర్వాత చూడటం. జనంలో నాన్నను గుర్తుపట్టింది గానీ, ఆయన పక్కన ఎవరో ఎదిగిన ఆడమనిషి నిలబడి ఉంటే చెల్లెలు ఏదని అడిగిందట.

‘నాకంటే ఎత్తు అయ్యిందాంటీ. నేనే గుర్తుపట్టలా’ అంది.

ఇంట్లో బట్టలు కుడుతోందట, లెక్కలు మరిచిపోలేదట. ఇద్దరూ ఆ బజారులో ఒక బల్ల మీద కూర్చుని, సాయంత్రం దాకా చేతులు వదలకుండా మాట్లాడుకున్నారట. ఫోన్ పెట్టేశాక నేను అక్షరాస్యత గడి ముందు కూర్చుని చాలాసేపు ఆ ఒక్క అంకె మార్చలేకపోయాను. పుస్తకాన్ని మరుముద్రణ దాకా ఆపుకోవచ్చు. ఆ పిల్ల పన్నెండో ఏడును మాత్రం ఎవరూ ఆమె కోసం ఆపి ఉంచలేదు.